పినాకినీ తీరమున రాయియు నీరును

నందిదుర్గ పరిసరములలో పుట్టిన ఉత్తరపినాకిని, అనగా మన పెన్నేరు, గౌరీబిదనూరు సీమను దాటిపోవుచోట దాని యొడ్డున విదురాశ్వత్థ మను క్షేత్రము గలదు. భారతయుద్ధానంతరము విరక్తుడైన విదురుడు మైత్రేయాశ్రమమున నుండి, ఒకనాడు సంధ్యోపాసనకై నదిలో నిలిచి దోసిలి యొగ్గగా, ప్రవాహమున కొట్టుకొనివచ్చిన అశ్వత్థపు మొలక యొకటి యా దోసిట చిక్కెననియు, దానినే యొడ్డున నాటెననియు స్థలపురాణము. ఆ వృక్షరాజము 2001లో నేలకొరిగినది. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహులపై జరిగిన పోలీసు కాల్పులవలన ఈ యూరిపేరు దేశమంతట మ్రోగినది. ఆ కథ పలువురు చెప్పినదే. నేను చెప్పబూనినది, ఆ క్షేత్రమున నాగశిలలను కొలువవచ్చు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగుజనులు తరతరములుగా త్రాగిన నీటి కథ.

సంతానార్థులు ప్రతిష్ఠించిన నాగశిలలు ఇచ్చట వేలకొలది గలవు. చెక్కిన శిలను ముందు నీట మునిగియుండనిచ్చి, పిమ్మట ప్రతిష్ఠించుట ఆచారము. దానికి జలాధివాసమని పేరు. నీరు రాతిని శుద్ధిచేయునని భక్తుల నమ్మిక. అయితే రాయియు నీటికి తనలోనిది కొంత యిచ్చునన్నది రసాయనశాస్త్రము చెప్పు మాట. ఒక ఆమ్లజని పరమాణువును రెండు ఉదజని పరమాణువులు సూటిగా గాక వంపుగా పట్టుకొనియుండుటచేత, నీటి యణువునకు ఒక కొస ఋణవిద్యుత్తు, వేరొక కొస ధనవిద్యుత్తు ఏర్పడును. ఆ రెండు కొసలతో నది లవణములను విడదీసి తనలో కలుపుకొనును. మన రక్తము, పైరుల రసము, మర్రిమాను కొమ్మకొస కెక్కు నీరు, అన్నియు నీ గుణముమీదనే నడచుచున్నవి. అధివాసపు కొలది దినములలో నల్లరాతినుండి నీటిలో కరగునది లెక్కకు రాదు. అదే రాతిపొరల బీటలలో నీరు ఏండ్లకేండ్లు నిలిచినచో సంగతి వేరు.

పూర్వులు ఆ లోతునీటి జోలికి పోలేదు. వారిది వానచెరువు: కట్ట, తూము, మరవ, పొలముపొలమునకు పాలు పంచు నీరుగంటి. మీది చెరువు మరవ పారినచో దిగువ చెరువు నిండును. పెన్న దిగువసీమయందు పొరుమామిళ్ళలో, బుక్కరాయని కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను అది యెన్నుచు, జలశాస్త్రవిశారదుడైన విప్రుని, తీయని నీటి నదిని సాధనములలో జేర్చి, చౌటినేలను దోషములలో జమకట్టినది. ప్రయోగశాల లేని కాలమున నేల ఉప్పు నీటికెక్కునని గుర్తించుట సామాన్యమైన విషయము కాదు.

ఇండ్లలోని స్త్రీలకు శాసనముతో పనిలేదు. వారి పరీక్ష కుండలోనిది. కందిపప్పు ఉడకక పలుకులై నిలిచినచో అది ఉప్పునీరు. మెత్తగా ఉడికినచో మంచినీరు. సున్నపు ధాతువు, అనగా కాల్షియము, హెచ్చుగానున్న నీటిలో ఆ ధాతువు పప్పుగింజల కణములనడుమ నుండు జిగురును గట్టిపరచును గనుక ఈ పరీక్షకు శాస్త్రాధారము గలదు. ఎండకాలమున బిందె పట్టుకొని యేటి యిసుకలో చెలమ త్రవ్వి, తేరిన నీటిని ముంతతో తోడుకొనువారును నాలుకనే నమ్మిరి. చెరువునీటికి, చెలమనీటికి ఆ నమ్మకము చాలినది.

చాలనిది బోరునీటికి. 1960 దశకపు కరవుల పిమ్మట రాతిని తొలుచు యంత్రములు పల్లెలకు వచ్చినవి. చెరువులు పూడినకొలది బోర్లు దిగి, యిప్పుడు వేయి యడుగుల లోతు సైతము వింత గాదు. ఈ సీమ గ్రానైటురాళ్ళ ఖనిజములలో ఫ్లోరైడు గలదు. సోడియము, బైకార్బొనేటు హెచ్చి కాల్షియము తగ్గిన నీటిలో ఆ ఫ్లోరైడు మరింతగా కరగును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. అట్టి నీరు తరచుగా మెత్తనిది. పప్పు చక్కగా ఉడికించును, సబ్బు నురుగు తెప్పించును. కుండ మెచ్చుకొన్న నీటినే యెముక ఓర్వలేకపోవును! రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు.

దంతములు, ఎముకలు కాల్షియము, ఫాస్ఫేటు, హైడ్రాక్సిలు కూడిన స్ఫటికములు. ఫ్లోరైడు అయానునకు హైడ్రాక్సిలుకును పరిమాణమున, విద్యుదావేశమున పోలిక గలదు గనుక, నీటివెంట వచ్చిన ఫ్లోరైడు హైడ్రాక్సిలును త్రోసి దాని పీఠమున గూర్చుండును. స్వల్పమైనచో పంటి పింగాణి గట్టిపడును. హెచ్చైనచో, పండ్లు రూపొందు వయసులోని పిల్లలకు గారపళ్ళును, పెద్దలకు ఏండ్లు గడచినకొలది బిగిసిన వెన్నును ప్రాప్తించును. లీటరునకు 1 మిల్లీగ్రాము మేలనియు, వేరు గతి లేనిచో 1.5 వరకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము. ఈ వ్యాధి మన దేశమున వైద్యులచే వివరముగా వర్ణింపబడినది 1937లో. షార్టు మొదలగు వైద్యులు చూచిన రోగులు నాటి నెల్లూరు మండలమువారు, అనగా ఈ పినాకినియే కడలి గలియు మండలమువారు.

చికిత్సోపాయములు లేకపోలేదు. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును అడుగున దింపు పద్ధతిని నాగపురపు పర్యావరణ పరిశోధనాసంస్థ 1970 దశకమున రూపొందించి, దానికి ఫ్లోరైడు పీడితమైన నల్లగొండ సీమ పేరే పెట్టినది. ఇటీవల బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి చిక్కబళ్ళాపురపు చెరువులకు మళ్ళించుచున్నారు. చెరువు నిండుట సంతోషమే; కాని నగరపు నీరు తనతో నత్రజని, భాస్వరములను దెచ్చును గనుక దానికిని పరీక్ష యెడతెగక జరుగవలసినదే. పల్లెలలో నాణెము వేసిన క్యాను నింపు శుద్ధియంత్రములు వెలసినవి. అయితే పలు యిండ్లలో ఆ క్యాను నీరు త్రాగుటకు మాత్రమే. అన్నము, పప్పు వండుట బోరునీటితోనే. కాచినంత మాత్రమున ఫ్లోరైడు ఆవిరి గాదు. నీరింకినకొలది చిక్కపడి, మెత్తగా ఉడికిన ఆ పప్పుతోనే కంచములోనికి వచ్చుచున్నది.