కర్చీఫు మీద మసి, బండ మీద బొమ్మ

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బండెక్కి పంజాగుట్ట చౌరస్తా దాటేసరికి మొహం తుడుచుకున్న కర్చీఫు నల్లగా అయిపోతుంది. మనమైతే రూముకెళ్ళి సబ్బుతో కడుక్కుంటాం. వేల ఏళ్ళనాటి బొమ్మకి పొగ పడితే ఎవరు కడుగుతారు?

ఈ డౌటు నాకు ఆస్ట్రేలియాలోని మురుజుగ గురించి చదువుతుంటే వచ్చింది. అక్కడ ఆదివాసులు బండల మీద చెక్కిన బొమ్మలు పది లక్షల దాకా ఉంటాయని అంచనా. కొన్నిటి వయసు 50,000 ఏళ్ళ దాకా చెప్తారు. బండ పైన ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లతో ముదురురంగు పొర పల్చగా ఉంటుంది. దాన్ని చెక్కితే లోపలి లేతరంగు రాయి బయటపడుతుంది. బొమ్మంటే అదే. పొగలోని ఆమ్లాలు ఆ పొరని కరిగిస్తే బొమ్మకీ బండకీ తేడా పోతుంది.

అక్కడ 1960ల్లో ఇనుప ఖనిజం రేవు వచ్చింది. తర్వాత గ్యాస్ ప్లాంటు, ఎరువుల ఫ్యాక్టరీ. 2025లో బయటికొచ్చిన నివేదిక డాంపియర్ ఊరి దగ్గరి బండలు ఎక్కువ గుల్లబారాయని చెప్పింది. అది 1970ల నాటి విద్యుత్ కేంద్రం పని అని ప్రభుత్వం అంది. మరి ఇప్పటి పొగ మాటేమిటని కొందరు శాస్త్రవేత్తలు నిలదీశారు. అదే ఏడాది యునెస్కో వారసత్వ హోదా వచ్చింది, గ్యాస్ ప్లాంటుకి 2070 దాకా అనుమతీ వచ్చింది!

ఇదంతా ఎందుకు తెగట్లేదో మనలాంటోళ్ళకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఫ్యాక్టరీలు రాకముందు రాయి ఎలా ఉండేదో కొలిచి పెట్టుకోలేదు. బేస్‌లైన్ లేకుండా బగ్ ఎప్పుడొచ్చిందో ఎలా చెప్తాం?

సరే, మన ఇంటి సంగతికొద్దాం. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. అక్కడి ఇసుకరాతి గుహల్లో ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు 1990లో వెలుగులోకొచ్చాయి. అదే జిల్లాలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 2010లో ఒక యూనిట్, 2016లో ఇంకోటి, మొత్తం 1,100 మెగావాట్లు.

ఆ పొగ బొమ్మల్ని పాడుచేసిందని నేననట్లేదు. కరెంటు వద్దనే మొహం కూడా నాకు లేదు, ఈ టపా రాస్తున్న కంప్యూటర్ నడిచేదీ దాంతోనే. నేనడిగేది ఒక్కటే. ప్రతి బొమ్మ రంగునీ, రాతి పైపొరనీ కొలిచి రాసిపెట్టాలి. గుట్టల దగ్గర గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో ఏడాది పొడుగునా చూడాలి. మురుజుగకి యాభై ఏళ్ళు ఆలస్యమైంది. మనం ఇవాళే మొదలెట్టొచ్చు.

బ్యాకప్ తీసుకోకుండా ప్రొడక్షన్ సర్వర్ మీద చెయ్యెయ్యని మనం, ఒకే ఒక్క కాపీ ఉన్న ఈ బొమ్మల్ని ఇలా వదిలేయడం న్యాయమేనా? మీరే చెప్పండి.