ప్రళయకావేరికి ఒక రోజు: మన పక్కనే ఉన్న మన చరిత్ర



సంక్రాంతి సెలవులు దగ్గర పడితే మన సంఘంలో ప్రతి ఏడాదీ ఇదే మాట వస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా పోయి రావాల. ఖర్చు ఎక్కువ కాకూడదు, ముసలివాళ్లు అలసిపోకూడదు, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి నాలుగడుగులు నడవాల. ఒకరు ఊటీ అంటారు, ఒకరు కొడైకానల్ అంటారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరయిన వాళ్లం. సెలవుల రద్దీ అంటే ఏమిటో కౌంటరు లోపలి వైపు నుంచి చూసినాము. దూరపు కొండలకు టికెట్టు దొరకలేదని మొహం వేలాడేసుకుని పోయే కుటుంబాలు ఎన్నో. అదే స్టేషన్లో లోకల్ బండి ఎక్కి, పొద్దు గూకేలోపు ఇల్లు చేరగలిగే ఒక సరస్సు, ఒక సముద్రపు ఊరు ఉన్నాయి. వాటిని అడిగి టికెట్టు కొన్నవాళ్లు మాత్రం తక్కువ.

ఆ ఊరు పళవేర్కాడు. ఇంగ్లీషులో పులికాట్. మన తెలుగులో ఆ సరస్సు పేరు ప్రళయకావేరి. ఈ మూడో పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

మొదట సరస్సు సంగతి. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్నాయి. ఆరణి ఏరు, కాళంగి ఏరు దీంట్లో కలుస్తాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడ మాదిరి పొడుగ్గా పడుకొని ఉండేదే శ్రీహరికోట దీవి. రాకెట్లు ఎగిరేది అక్కడి నుంచే. సముద్రపు నీళ్లు మొగల గుండా లోపలికి వస్తాయి, వానాకాలంలో ఏటి నీళ్లు పైనుంచి వస్తాయి. ఉప్పు, తీపి కలిసిన ఆ నీళ్లలో చేప, రొయ్య బాగా పెరుగుతాయి. చలికాలంలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, గుంపులు గుంపులుగా దిగుతాయి.

ఇక చరిత్ర. బుడతకీచులు, అంటే పోర్చుగీసు వాళ్లు, 1500ల తొలి రోజుల్లోనే ఈ రేవుకు వచ్చినారు. వాళ్ల వెనక ఒలందా వాళ్లు, అంటే డచ్చివాళ్లు వచ్చినారు. ఆ కాలంలో ఈ సీమను ఏలిన రాజు విజయనగరపు ఆరవీటి వంశపు వెంకటపతిరాయలు. ఆయన దగ్గర డచ్చివాళ్లు 1610లో అనుమతి తీసుకుని ఇక్కడ వ్యాపారపు కొట్టు పెట్టినారు. రెండేళ్లకే మైలాపూరు పక్కనున్న శాంథోమ్ నుంచి పోర్చుగీసు వాళ్లు వచ్చి దాన్ని పగలగొట్టినారు. దాంతో 1613లో డచ్చివాళ్లు గట్టి కోటే కట్టుకున్నారు. దాని పేరు గెల్డ్రియా. 1690లో నాగపట్నానికి మారే దాకా కోరమండల్ తీరమంతటికీ డచ్చివాళ్ల ముఖ్య స్థానం ఈ పళవేర్కాడే. చివరికి 1825లో ఊరు ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది.

ఎందుకు అంత పోటీ? గుడ్డ కోసం. జావా, మలయా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడి వాళ్లు వెండి కంటే మన తీరపు గుడ్డనే ఎక్కువ ఆశించినారు. తెలుగు, తమిళ నేతగాళ్లు నేసిన గళ్ల గుడ్డ, అద్దకపు గుడ్డ ఈ రేవు నుంచి ఓడలెక్కింది. నేటికీ మలేసియాలో గళ్ల లుంగీని 'కాయిన్ పెలికాట్' అంటారు. పెలికాట్ అంటే పులికాటే. మలేసియాలో మన తెలుగు చుట్టాలున్న కుటుంబాలు వాళ్లకు ఫోన్ చేసి అడిగి చూడండి, చెప్తారు.

చెడ్డ సంగతీ చెప్పాల. పిల్లలకు మంచి చరిత్ర మాత్రమే చెప్తే అది చరిత్ర కాదు. ఆ కోటలో గుడ్డ మూటలతో బాటు మనుషుల బేరం కూడా జరిగింది. కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడు తిండి లేని వాళ్లను కొని బానిసలుగా ఓడల్లో బటావియాకు, అంటే నేటి జకార్తాకు, పంపినారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. అదే ఊళ్లో డచ్చివాళ్ల సమాధుల తోట ఉంది. వాకిట్లో రెండు వైపులా చెక్కిన అస్థిపంజరాలు, లోపల అందమైన అక్షరాలు చెక్కిన రాళ్లు. పురావస్తు శాఖ వాళ్ల కాపలాలో ఉంది. అక్కడ నిలబడినప్పుడు పేర్లున్న వాళ్లనూ, పేర్లు లేకుండా పోయిన వాళ్లనూ, ఇద్దరినీ తలుచుకోవడం మన ధర్మం.

ఇప్పుడు మనకు దగ్గరి సంగతికి వద్దాం. ఇంగ్లీషు వాళ్లు మొదట ఈ పళవేర్కాడులోనే చోటు వెతికినారు. డచ్చివాళ్ల నడుమ నిలవలేక, 1626లో సరస్సుకు ఉత్తరంగా దుగరాజపట్నంలో కొట్టు పెట్టినారు. అక్కడా కుదరలేదు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు, ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు ఇచ్చిన అనుమతితో మదరాసపట్నంలో దిగినారు. ఆ అన్నదమ్ముల తండ్రి పేరు చెన్నప్ప. చెన్నపట్నం అనే పేరు ఆయనదే.

ఆ దామెర్ల వంశంలోనే అంకభూపాలుడు అనే కవి ఉన్నాడు. ఆయన 'ఉషాపరిణయము' అనే తెలుగు కావ్యం రాసి తండ్రి చెన్నప్పకు అంకితం ఇచ్చినాడు. అందులో తన వంశం గురించి చెప్తూ ఒక ముఖ్యమైన సంగతి చెప్పినాడు. ప్రళయకావేరిలోని ఒలందా వాళ్లకూ, మైలాపురంలోని పోర్చుగీసు వాళ్లకూ నడుమ జగడాలు అణచడానికి అయ్యప్ప వాళ్లిద్దరి మధ్యలో చెన్నపట్నం అనే ఊరు కట్టించినాడని. చూడండి, చెన్నై ఎందుకు పుట్టింది అనే ప్రశ్నకు తెలుగు కావ్యంలో ఒక జవాబు ఉంది. ఆ జవాబులో మన సరస్సు పేరు ప్రళయకావేరి అనే ఉంది.

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్నవే. మా మాదిరి వాళ్లు మన సంఘంలో చాలామంది. మన పిల్లలను బడిలో ఎవరో ఒకరు అడుగుతారు: మీరు ఎక్కడి నుంచి వచ్చినారు? పిల్లలు ఇంటికొచ్చి మనల్ని అడుగుతారు. 'ఎక్కడి నుంచో వచ్చినాం' అని చెప్పి ఊరుకుంటే వాళ్లు తాము అతిథులమనే అనుకుంటారు. వాళ్లను ఈ సరస్సు ఒడ్డుకు తీసుకుపోయి చూపిస్తే జవాబు వేరుగా ఉంటుంది. ఇది తమిళం వాళ్లదీ, మనదీ, రేవులో ఇల్లు కట్టుకున్న ముస్లిములదీ, వల వేసే జాలర్లదీ. ఒకరిది కాకుండా పోతే ఇంకొకరిది అవుతుందనే లెక్క ఇక్కడ లేదు.

నీళ్ల మీద గీత గీసింది మన తాతల కాలం కాదు, మన కాలమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తర్వాత సరిహద్దు సర్దుబాటు 1960 ఏప్రిల్ 1న అమలైంది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లోని కొన్ని పల్లెలు ఆంధ్రకు పోయినాయి. అటూ ఇటూ రెండు భాషలూ మాట్లాడే ఇళ్లు మిగిలినాయి. రాజహంసలకు మాత్రం ఆ గీత తెలీదు.

గీతకు ముందు ఈ నీళ్లే దారి. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో మొదలైన కాలువను తర్వాత ఈ సరస్సు దాకా, ఇంకా ఉత్తరానికి పొడిగించినారు. 1876-78 ధాత కరువులో, తమిళంలో 'తాదు వరుషప్ పంజం' అంటారు, ఆకలితో వచ్చిన జనానికి కూలి ఇచ్చి అడయారు, కూవం నదుల మధ్య మిగిలిన ముక్కను తవ్వించినారు. అప్పటి గవర్నరు పేరుతో దాన్ని బకింగ్‌హామ్ కాలువ అన్నారు. శ్రీహరికోట కట్టెలు, నెల్లూరు వడ్లు తెరచాప పడవల్లో మద్రాసు పొయ్యిల దాకా వచ్చేవి. 1899లో మద్రాసు, బెజవాడ మధ్య రైలు దారి కలిసింది. మెల్లమెల్లగా పడవ సరుకు రైలుకు మారింది. రైల్వే కూడు తిన్నవాళ్లం గనుక ఆ మాట కూడా చెప్పాల. మనకు అన్నం పెట్టిన దారే ఆ పడవవాళ్ల దారిని మూసింది.

ఇప్పుడు ప్రయాణం సంగతి. తీరిగ్గా, నడుస్తూ, ఖర్చు లేకుండా.

మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. తుఫాను హెచ్చరిక ఉంటే ఆ వారం వద్దు. మూర్ మార్కెట్ లోకల్ స్టేషన్లో గుమ్మిడిపూండి వైపు బండి ఎక్కి పొన్నేరిలో దిగాల. అక్కడి నుంచి పళవేర్కాడుకు బస్సు, ఆటో ఉంటాయి. తెల్లవారి బండి పట్టుకుంటే ఎండ ఎక్కక ముందే ఊళ్లో ఉంటాం. మొదట సమాధుల తోట. తర్వాత కోట. కోట అంటే గోడలు బురుజులు వెతకొద్దు, ఇప్పుడు కందకం, మట్టి దిబ్బ, చెట్టు చేమ మాత్రమే. పిల్లలకు ముందే చెప్పి తీసుకుపోండి, లేకుంటే నిరాశ పడతారు. తర్వాత ఎర్రరాతితో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ గుడి. అక్కడి చిన్న చిన్న రామాయణం బొమ్మలను ఎవరు ముందు కనిపెడతారో పిల్లలకు పోటీ పెట్టండి. ఊళ్లో ముస్లిం ఆడవాళ్లు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. ఒకటి కొంటే వాళ్లకూ మేలు, మనకూ గుర్తు. ఆఖరున వంతెన దాటి దీపస్తంభం వైపు నడిస్తే సముద్రం. కాళ్లు తడుపుకోవడం వరకే, ఈత వద్దు.

పులిహోర, పెరుగన్నం, ఊరగాయ, తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకుపోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మడత కుర్చీ ఒకటి. టోపీ, గొడుగు మరవొద్దు. చెత్త మళ్లీ సంచిలో వేసుకుని తీసుకురావాల.

పడవ సంగతి గట్టిగా చెప్తాము. 2011 డిసెంబరు 25న ఇక్కడే పండుగ సెలవుకు వచ్చిన కుటుంబాలు ఎక్కిన చేపల పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయినారు. పిల్లలు కూడా. తర్వాత అధికారులు ఆ పడవ షికార్లను ఆపినారు. ఒడ్డున ఎవరైనా 'కొంచెం దూరమే, రండి' అని పిలిస్తే చేతులెత్తి దండం పెట్టి వచ్చేయండి. ఒడ్డున నిలబడినా సరస్సు అంతే అందంగా కనిపిస్తుంది.

రెండో రోజు వీలైతే ఉత్తరం వైపు సూళ్లూరుపేట. లోకల్ బండి అక్కడికీ ఉంది. శ్రీహరికోట దారి సరస్సు మధ్యలోంచే పోతుంది, అటకానితిప్ప దగ్గర నీళ్లలో రాజహంసలు దారి పక్కనుంచే కనబడతాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. రాకెట్టు పంపే రోజు కాకుండా చూసుకోండి.

ఒక చిన్న పని. తెలుగు బాగా వచ్చిన పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా కూడా రావాల. పిల్లలు నండు అంటే, అవ్వ ఎండ్రకాయ అనాల. వాళ్లు ఇరాల్ అంటే, రొయ్య అనాల. అటకానితిప్ప పేరులో తిప్ప అంటే ఏమిటో ఆ తిప్ప మీదనే నిలబడి చెప్పాల. రెండు మాటలూ పిల్లలకు రావాల, ఒకటి పోయి ఒకటి కాదు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఈ సరస్సు దీవుల పలుకుబడిలోనే రాసిన పుస్తకం. పోయే ముందు ఒక కథైనా ఇంట్లో పైకి చదివి వినిపించండి.

పుస్తకంలో ఉన్న పేరు అటకెక్కుతుంది. నోట్లో ఉన్న పేరే బతుకుతుంది. ఈ సంక్రాంతికి ఎక్కడికి పోయినారని పక్కింటి వాళ్లు అడిగితే, మన పిల్లలు 'పులికాట్' అని ఒకసారి చెప్పి, 'మా ఇంట్లో ప్రళయకావేరి అంటాము' అని ఇంకోసారి చెప్తే చాలు.