యానాంకు మేయరున్నాడు, పారిస్‌కు లేడు

1880 మార్చిలో ఫ్రెంచి ప్రభుత్వం మన దేశంలోని తన స్థావరాలను పది కమ్యూన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి పురపాలక సంఘాన్నీ మేయరునూ ఇచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న చిన్న యానాం కూడా వాటిలో ఒకటి. ఆనాటికి ఫ్రాన్సు రాజధాని పారిస్‌కు మాత్రం మేయరు లేడు. 1871 నాటి చట్టం ఆ పదవికి చోటే ఇవ్వలేదు. నగరంలోని 20 అరోండిస్మాఁలకు, అంటే నగర జిల్లాలకు, తలా ఒక మేయరు ఉండేవాడు. అతణ్ణి నియమించేది ప్రభుత్వమే.

పారిస్‌కు మేయరును ఇవ్వాలంటే ప్రభుత్వానికి ఇంత భయం ఎందుకో తెలియాలంటే నగరంలోని మొంమార్త్ర్ గుట్ట దగ్గరికి వెళ్లాలి.

1870 సెప్టెంబరులో ప్రష్యా చేతిలో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ చిక్కాడు, రిపబ్లిక్ ఏర్పడింది. గుట్ట ఉన్న 18వ జిల్లాకు జార్జ్ క్లెమాన్సో అనే వైద్యుణ్ణి మేయరుగా పెట్టారు. అప్పటికి అతనికి 29 ఏళ్లయినా నిండలేదు. నవంబరులో ఓటర్లు కూడా అతణ్ణే ఎన్నుకున్నారు. నగరం నాలుగు నెలలకు పైగా ముట్టడిలో మగ్గింది, జనం ఎలుకల మాంసం తిన్నారు. తిండికీ చలికీ అల్లాడే పేదలకు దిక్కు తమ జిల్లా మేయరే.

1871 మార్చి 18 తెల్లవారుజామున ప్రభుత్వ సేనలు గుట్టమీది ఫిరంగులను పట్టుకుపోవడానికి వచ్చాయి. అవి జనం చందాలు వేసుకుని చేయించుకున్నవి. ఆడవాళ్లు అడ్డుపడ్డారు, సైనికులు కాల్చలేక జనంలో కలిసిపోయారు. పట్టుబడ్డ ఇద్దరు జనరళ్లను కాల్చేస్తున్నారని తెలిసి క్లెమాన్సో మేయరు పట్టీ కట్టుకుని పరుగెత్తాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత జిల్లా మేయర్లు ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ రాజీ కుదర్చాలని తిరిగారు. రెండు పక్షాలూ వాళ్లను నమ్మలేదు. ఆ రోజుల్లో నెత్తురు ఒలకకూడదని నిజంగా తపించింది వాళ్లేనని నాకనిపిస్తుంది. మే నెలలో సైన్యం పారిస్ కమ్యూన్ అనే ఆ తిరుగుబాటు పాలనను అణచి వేల మందిని చంపింది.

ఆ భయం నూరేళ్లు దాటి నిలిచింది. 1975 చివర్లో చట్టం మారి, 1977లో జాక్ షిరాక్ పారిస్ మేయరయ్యాడు. 1982లో అధ్యక్షుడు మిత్తెరాఁ ప్రభుత్వం జిల్లాలను దాదాపు స్వతంత్ర పురపాలక సంఘాలుగా మార్చాలని చూసింది. షిరాక్ గట్టిగా ఎదురు తిరిగాడు. చివరికి మధ్యేమార్గంగా ఆ ఏడాది డిసెంబరు 31న పారిస్, లియోఁ, మార్సెయ్ నగరాలకు కలిపి ఒక చట్టం వచ్చింది. ఓటర్లు ఎన్నుకునే జిల్లా మండలి, అది ఎన్నుకునే జిల్లా మేయరు దాంతో ఏర్పడ్డారు. 1983లో మొత్తం 20 జిల్లాలూ షిరాక్ పక్షానికే దక్కాయి.

జిల్లా మేయరు పెళ్లిళ్లు జరిపిస్తాడు, జనన మరణాలు నమోదు చేయిస్తాడు, పసిపిల్లల క్రెష్‌లు, స్థానిక తోటలు, ఆటస్థలాల బాగోగులు చూస్తాడు. పన్ను వేసే హక్కు మాత్రం లేదు, నిధులు నగర మండలి ఇవ్వాలి. ఇంటి ముందరి సమస్య వినేవాడికి ఖజానా తాళం లేకపోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపం. 2020లో మొదటి నాలుగు జిల్లాలనూ ఒకే మేయరు కిందికి తెచ్చారు. 2025 ఆగస్టు నాటి చట్టంతో నగర మండలికీ జిల్లా మండలికీ వేర్వేరు ఓట్లు వచ్చాయి. ఖజానా సంగతి అలాగే ఉంది.