డ్రిల్లు మాస్టారు జీతం, జట్టు గెలుపు: కార్‌నికోబార్ నుంచి హైదరాబాదు దాకా

క్రీడాశిక్షకుడికి ఇచ్చే జీతానికీ, అతడు తీర్చిదిద్దిన జట్టు సాధించే ఫలితానికీ పొంతన ఉందా లేదా అన్న చర్చ అమెరికా విశ్వవిద్యాలయాల్లో దాదాపు వందేళ్లుగా నలుగుతూనే ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని, అడ్డువచ్చినవారిని నెట్టుకుంటూ ఎదుటిపక్షం గడపదాకా తీసుకుపోయే ఆట. ఆ ఆట చుట్టూ పోగైన డబ్బు చదువుల్ని పాడుచేస్తోందనీ, శిక్షకుల ప్రాబల్యం హద్దు మీరుతోందనీ కార్నెగీ ఫౌండేషన్ 1929లోనే ఒక పెద్ద నివేదిక వెలువరించింది. అయినా ధోరణి మారలేదు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2017లో జింబో ఫిషర్ అనే శిక్షకుడిని పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద తెచ్చుకుని, 2021లో దాన్ని మరింత పెంచి, ఆశించిన విజయాలు రాకపోవడంతో 2023 నవంబరులో తొలగించినప్పుడు, గడువు తీరకముందే పంపివేసినందుకు చెల్లించవలసివచ్చిన సొమ్ము కూడా 7.5 కోట్ల డాలర్లు దాటింది.

భారతదేశంలో ఇదే ప్రశ్న వేస్తే జవాబు వేరే దారిన నడుస్తుంది. ఇక్కడ శిక్షకుడి జీతం గెలుపును చూసి నిర్ణయమైంది కాదు. అతడు చేసే మరో ఉద్యోగాన్ని, అంటే బడిలో పంతులు పనినో, పోలీసు కొలువునో, సర్కారు దఫ్తరంలోని హోదానో చూసి నిర్ణయమైంది. ఈ పద్ధతి ఎలా పుట్టింది, ఎవరికి మేలు చేసింది, ఎవరికి అన్యాయం చేసింది అన్నది తెలుసుకోవడానికి దేశపు పెద్ద నగరాలకన్నా అండమాన్ నికోబార్ ద్వీపాల వంటి మారుమూల ప్రాంతమే మంచి ఆధారం. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష కనుక, ఈ కథ తెలుగువారికి పరాయిది కూడా కాదు.

పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో దీని పేరును శ్రీ విజయపురంగా మార్చారు) దక్షిణాన, పడవలో రాత్రంతా ప్రయాణించవలసినంత దూరంలో కార్‌నికోబార్ ద్వీపం ఉంది. పగడపు రాతి మీద ఏర్పడి, కొబ్బరితోటలతో నిండి, చాలావరకు చదునుగా ఉండే నేల అది. నికోబారీయులు తుహెత్ అని పిలుచుకునే పెద్ద ఉమ్మడి కుటుంబాలుగా జీవిస్తారు; ప్రతి ఊరికీ సముద్రం ఒడ్డున ఎల్‌పనమ్ అనే ఉమ్మడి స్థలం ఉండేది. పండుగలూ, కుస్తీపోటీలూ, హోడి అనే పక్కతేలుడు కట్టిన దోనెల పందేలూ ఊరి పరువుకు సంబంధించిన వ్యవహారాలు. గెలిచిన ఊరు విందు చేసుకునేది గాని, దోనె నడపడం నేర్పిన పెద్దకు జీతం అన్న ఊహే ఆ సమాజంలో లేదు. నేర్పడం పెద్దరికంలో భాగం, అంతే.

ఇటువంటి నేల మీదికి బంతి ఆట బడి ద్వారా వచ్చింది. 19వ శతాబ్దపు చివరి దశకంలో వి. సోలొమన్ అనే తమిళ క్రైస్తవ ఉపదేశకుడు ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధిగా కార్‌నికోబార్‌లోని ముస్ గ్రామానికి వచ్చి బడి నడిపాడు. ఆ బడిలో చదివిన హాచెవ్‌కా అనే బాలుడు తరవాత జాన్ రిచర్డ్‌సన్ అయి, బర్మాలో చదువు ముగించుకుని 1912లో ముస్‌కు ఉపాధ్యాయుడిగా తిరిగివచ్చాడు. నికోబారీ భాషకు లిపి సమకూర్చి బైబిలు అనువాదానికి పూనుకున్నవాడు, 1950లో బిషప్ అయినవాడు, 1952లో రాష్ట్రపతి నియామకంతో తొలి లోక్‌సభలో ద్వీపాల తరఫున కూర్చున్నవాడు ఆయనే. ఫుట్‌బాల్ వంటి కొత్త ఆటలను తన ప్రజలకు అలవాటు చేసినవాడిగా కూడా నికోబారీయులు ఆయనను తలచుకుంటారు. నేటికీ కార్‌నికోబార్‌లో ఫుట్‌బాల్‌కు ఉన్నంత ఆదరణ మరే ఆటకూ లేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఒక ద్వీపమంతటికీ ఒక ఆటను మప్పడం కన్నా పెద్ద ఫలితం ఏ శిక్షకుడూ చూపలేడు. అయినా ఆ పనికి ప్రత్యేకంగా ముట్టిన జీతం లేదు. ఉన్నదల్లా బడిపంతులు జీతమే. పొద్దున అక్షరాలు దిద్దించినవాడే సాయంకాలం బంతి తన్నించేవాడు. తెలుగునాట బడిపిల్లలు డ్రిల్లు మాస్టారు అని పిలుచుకునే వ్యక్తి చేసిన పని కూడా అచ్చంగా ఇదే. శిక్షకవృత్తి భారతదేశంలో బడి నీడన పుట్టిందని చెప్పడానికి ముస్ గ్రామం ఒక సాక్ష్యమైతే, రెండో సాక్ష్యం, ఫలితాల లెక్కలో అన్నిటికన్నా బలమైనది, హైదరాబాదు నగరం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొందిన తరవాత బడుల్లో ఆటల బాధ్యత ఆయన మీదే పడింది. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇస్తూ, అదే కాలంలో భారత జట్టు శిక్షకుడిగానూ వ్యవహరించాడు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957 సంవత్సరాల్లోనూ, ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో 1961లోనూ సాధించింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ధనబలంతో పోలిస్తే ఆ జట్టు ఆటగాళ్లకు ఉన్నది పోలీసు కొలువు మాత్రమే.

రహీం పనితనం ఎలాంటిదో తెలియాలంటే ఆయన పెట్టించిన పోటీలను చూడాలి. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఎదుటివారిని తప్పించుకుంటూ పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. మన మైదానాల్లో ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది దానికే. రహీం ఆ డ్రిబ్లింగ్‌ను నిషేధించి, బంతి అందినవెంటనే తోటివాడికి అందించి తీరాలన్న నియమంతో పోటీలు నడిపించాడు. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్న పోటీలు మరికొన్ని. బలహీనమైన కాలు బలపడేదాకా, చూపు తన కాలి దగ్గరనుంచి తోటివాడి మీదికి మళ్లేదాకా సాగిన ఈ సాధనకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేకపోయాయి. ఒక మైదానం, ఒక బంతి, ఓపిక ఉన్న పంతులు చాలు.

ఫలితాలు అందరికీ తెలిసినవే అయినా ఒక వరసలో పెట్టి చూడాలి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, ఆటగాళ్లలో పలువురు వట్టి కాళ్లతో దిగిన పోటీలో, యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోరపరాజయం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 సమం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ స్వర్ణం. ఆ మరుసటి ఏడు, 1963 జూన్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశాడు. ఆ తరవాత నేటివరకూ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం దక్కలేదు.

ఈ వరసలో 1952 నాటి ఓటమిని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ఫలితానికి తగిన జీతం అన్న సూత్రాన్ని అక్షరాలా పాటించే చోట పది గోల్స్ సమర్పించుకున్న జట్టు శిక్షకుడు మరునాడే ఇంటిముఖం పట్టేవాడు. రహీం జీతం గెలుపుతో ముడిపడి లేదు కనుకనే ఓటమితోనూ ముడిపడలేదు. ఆయనను పంపించివేయాలన్న ఒత్తిడికి డబ్బులెక్కల ఆసరా దొరకలేదు. ఆ ఓటమి తరవాతి నాలుగేళ్ల వ్యవధిలోనే మెల్‌బోర్న్ జట్టు తయారైంది. తక్కువ జీతం మంచిదని ఇందువల్ల తేలదు. కాలం ఇచ్చిన చోట పనితనం పండుతుందనీ, గెలిచిన ఏడాది ఆకాశానికెత్తి ఓడిన ఏడాది వీధిలో నిలబెట్టే పద్ధతిలో ఆ కాలమే దొరకదనీ తేలుతుంది. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌పై 2013లో ముగ్గురు రాజనీతిశాస్త్ర పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే వచ్చింది: బాగా వెనకబడిన జట్లు శిక్షకుణ్ణి మార్చినా పెద్దగా బాగుపడలేదనీ, మధ్యస్థంగా ఆడే జట్లు మార్చుకుని ఇంకా దెబ్బతిన్నాయనీ వారు తేల్చారు.

అయితే రహీం కథలో అన్యాయం లేదనడం తప్పు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో, ఆయన పోయిన 22 ఏళ్లకు, మొదలైంది. ఫుట్‌బాల్‌కు సంబంధించి దాన్ని తొలిసారి అందుకున్నవాడు, 1990లో, హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్. రహీం తన కాలంలో పొందింది బడిపంతులుకు దక్కే గౌరవం, బడిపంతులుకు దక్కే జీతం.

స్వాతంత్ర్యానంతర ప్రభుత్వం శిక్షకవృత్తిని బడినుంచి విడదీసి స్వతంత్రంగా నిలబెట్టడానికి పూనుకుంది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరిట శిక్షణ పథకం వచ్చింది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ నెలకొని శిక్షకులకు డిప్లొమా ఇవ్వసాగింది. 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ, సాయ్ అన్న పొట్టిపేరుతో జనం పిలిచేది, ఏర్పడింది. వృత్తికి పేరు వచ్చింది, డిప్లొమా వచ్చింది, సర్కారు కొలువైన చోట శ్రేణి వచ్చింది. జీతం మాత్రం ఆ శ్రేణినీ, అనుభవపు ఏళ్లనూ పట్టి నడిచింది. ఎంతమంది పిల్లలను మైదానానికి రప్పించాడన్నది ఏ పట్టికలోనూ ఎక్కలేదు. మరోవైపు జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు విదేశీ శిక్షకులను డాలర్ల ఒప్పందాలపై తెచ్చే ధోరణి బలపడింది. 2019లో వచ్చిన క్రొయేషియా దేశస్థుడు ఇగోర్ స్టిమాచ్, దక్షిణాసియా కప్‌లు గెలిపించినా, ప్రపంచకప్ అర్హతపోటీల్లో జట్టు ముందుకు సాగలేకపోవడంతో 2024 జూన్‌లో పదవి కోల్పోయినప్పుడు, గడువు మిగిలి ఉన్నందుకు జాతీయ సమాఖ్య 4 లక్షల డాలర్లకు రాజీపడవలసివచ్చింది. అమెరికా వ్యాధి చిన్న మోతాదులో మనకూ అంటింది.

ద్వీపాల్లో మాత్రం ఈ డాలర్ల ఛాయ పడలేదు. అక్కడ ఇటీవలి పెద్ద ఫలితం ఫుట్‌బాల్‌లో కాక సైక్లింగ్‌లో వచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో చెట్టు కొమ్మలను పట్టుకుని ప్రాణాలు నిలుపుకున్న పసిపిల్లగా దేశానికి తెలిసిన డెబొరా హెరాల్డ్, కార్‌నికోబార్‌కే చెందిన ఎసో ఆల్బన్ అంతర్జాతీయ పోటీలకు ఎదిగారు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో, మోటారు బండి వేగం పెంచుతూ కొంతదూరం ముందు నడిచి పక్కకు తప్పుకున్నాక పోటీదారులు ఒక్కసారిగా దూసుకుపోయే కెయిరిన్ అనే పందెంలో, ఎసో వెంట్రుకవాసిలో స్వర్ణం పోగొట్టుకుని రజతం అందుకున్నాడు. భారత సైక్లింగ్‌కు ప్రపంచ పోటీల్లో దక్కిన తొలి పతకం అది. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో మణిపూర్ యువకులు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కలిసి జట్టు పందెంలో స్వర్ణమే గెలిచాడు.

జీతానికీ ఫలితానికీ పొంతన చూడటంలో ఉన్న అసలు చిక్కు ఇక్కడే బయటపడుతుంది. ద్వీపంలో దొరికిన మెరిక పిల్లవాడిని రాటుదేల్చి మేటిగా నిలపడానికి ఢిల్లీలోని చెక్కబాట ఉన్న స్టేడియానికి, జాతీయ శిక్షణ శిబిరానికి పంపక తప్పదు. పంపిన రోజునుంచి అతడి విజయం ఢిల్లీ ఖాతాలో పడుతుంది. అంతకుముందు ఉప్పుగాలికి తుప్పుపట్టే సైకిళ్లను బాగుచేయించి, ఓడ దిగివచ్చిన పిల్లలకు వసతి చూసి, తల్లిదండ్రులను ఒప్పించిన తొలి శిక్షకుడు ఫలితాల పట్టికలో కనిపించడు. అంతర్జాతీయ పతకాలకు కేంద్రం ఇచ్చే నగదు బహుమతిలో శిక్షకుల వాటాను తొలి దశ, అభివృద్ధి దశ, ఉన్నత దశల మధ్య పంచే ఏర్పాటు ఈ లోపాన్ని కొంత గుర్తించినా, అందులోనూ తొలి దశకు దక్కేది చిన్న వాటాయే. ఖేలో ఇండియా పథకంలో చిన్న కేంద్రానికి ఒక్కో క్రీడకు ఏటా ఇచ్చేది 5 లక్షల రూపాయలు. శిక్షకుడి జీతమూ, సహాయకుల ఖర్చూ, పరికరాలూ అందులోంచే సర్దుకోవాలి. ఓడలమీద సరుకు రావలసిన ద్వీపంలో ఆ మొత్తం ఏ మూలకు సరిపోతుందో ఊహించడం కష్టం కాదు.

జీతాన్ని గెలుపుకు కట్టివేసిన అమెరికా పద్ధతిలో ఓడినవాడికి కోట్లు ముట్టాయి. కట్టివేయని మన పద్ధతిలో గెలిపించినవాడికి పంతులు జీతమే మిగిలింది. రెంటిలో మనదే నయమని సంతోషించడానికి వీల్లేదు, ఎందుకంటే రహీం వంటివాడు కాలాన్ని పొందింది వ్యవస్థ ఉదారతవల్ల కాదు, వ్యవస్థ పట్టించుకోకపోవడంవల్ల. పతకం వచ్చిన నాడు సన్మానసభలు జరిపే ద్వీపాల పాలనాయంత్రాంగం, క్రీడాసంఘాలు ముందుగా చేయవలసిన పని ఒకటే: పోటీలకు వెళ్లే ప్రతి బాలుడి, బాలిక పేరు పక్కన వారికి తొలిసారి ఆట నేర్పిన శిక్షకుడి పేరును కూడా దస్తావేజుల్లో నమోదు చేయించి, ఆ నమోదు ఆధారంగా అతడి కొలువును స్థిరపరచి, జీతం పెంచాలి.