ఇబ్రహీంపట్నం థర్మల్: ఖాతా మారితే రిటర్నులో గడి మారిన కథ

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఒకే షిఫ్టులో పక్కపక్కన పనిచేసే ఇద్దరి రిటైర్‌మెంటు డబ్బు రెండు వేర్వేరు చట్టాల కింద జమ అవుతూ ఉండవచ్చు. 1999 జనవరి 31 నాటికే ఉద్యోగంలో ఉన్నవారికి జనరల్ ప్రావిడెంట్ ఫండ్ (జీపీఎఫ్), పెన్షన్; ఆ మర్నాటి నుంచి చేరినవారికి ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్). జీతం చీటీలో రెండూ కోతలే కాబట్టి సర్వీసులో ఉన్నంతకాలం ఆదాయపు పన్నుకు సంబంధించి పెద్ద తేడా తెలియదు. పదవీ విరమణ చేసిన ఏడాది రిటర్ను నింపేటప్పుడు మాత్రం ఆ ఒక్కరోజు తేడా గడిగడిలోనూ కనబడుతుంది.

కొండపల్లికి ఆనుకుని, కృష్ణా నది నీటిని వాడుకునేలా ఈ కేంద్రాన్ని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు కట్టింది. 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో, రెండోది మరుసటి ఏడాది మొదలయ్యాయి. 1989-90లో మరో రెండు, 1994-95లో ఇంకో రెండు చేరాయి. 2009లో 500 మెగావాట్ల ఏడో యూనిట్, ఆ తర్వాత 800 మెగావాట్ల ఎనిమిదోది వచ్చాయి. బోర్డు ఛైర్మన్‌గా పనిచేసిన నార్ల తాతారావు పేరు కేంద్రానికి పెట్టినా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది నేటికీ వీటీపీఎస్, లేదా ఉత్త ‘థర్మల్’. మొదటి ఆరు యూనిట్ల కోసం చేరినవారంతా బోర్డు ఉద్యోగులు. బోర్డు 1959లో ఏర్పడింది. దాని పునాది 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం. అంటే అది చట్టం ద్వారా పుట్టిన కార్పొరేషన్. ఇది వినడానికి పొడి వివరమే గానీ, పన్ను లెక్క చాలావరకు దీని మీదే తిరుగుతుంది.

1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో బోర్డు చీలింది. 1999 ఫిబ్రవరి 1న ఉత్పత్తి ఏపీజెన్‌కోకు, సరఫరా, పంపిణీ ఏపీట్రాన్స్‌కోకు వెళ్లాయి. పంపిణీ మరుసటి ఏడాది పంపిణీ సంస్థల (డిస్కంల) చేతికి వచ్చింది. ఈ కొత్త సంస్థలు కంపెనీల చట్టం కింద నమోదైనవి. పాత ఉద్యోగుల పెన్షన్‌కు భంగం రాకూడదని ప్రభుత్వం, యాజమాన్యం, యూనియన్లు కలిసి త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. పెన్షన్, గ్రాట్యుటీ చెల్లింపులకు ట్రస్టు ఏర్పడింది. ఉద్యోగి కుర్చీ మారలేదు, క్వార్టరు మారలేదు, జీపీఎఫ్ నంబరు కింద నిల్వా అలాగే ఉంది. మారిందల్లా యజమాని చట్టపరమైన రూపం.

ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ 10 ఇలాంటి రూపాలనే చూస్తుంది. కమ్యుటేషన్, అంటే నెలనెలా రావలసిన పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని ఒకేసారి మొత్తంగా తీసుకోవడం, సెక్షన్ 10(10ఏ) కిందికి వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులతోపాటు స్థానిక సంస్థల, చట్టం ద్వారా ఏర్పడిన కార్పొరేషన్ల ఉద్యోగులకు ఆ మొత్తం మీద పన్ను లేదు. మిగతా యజమానుల దగ్గర పనిచేసినవారికి, గ్రాట్యుటీ కూడా అందితే, పూర్తి పెన్షన్ కమ్యూటెడ్ విలువలో మూడోవంతు వరకే మినహాయింపు. గ్రాట్యుటీ లేకపోతే సగం వరకు. గ్రాట్యుటీ సెక్షన్ 10(10)లో గీత మరోచోట పడింది: పూర్తి మినహాయింపు పొందే జాబితాలో స్థానిక సంస్థలు ఉన్నాయి, కార్పొరేషన్లు లేవు. సెలవు నగదు సెక్షన్ 10(10ఏఏ)లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే మిగిలారు. మిగతావారికి మినహాయింపు పరిమితి చాలాకాలం రూ.3 లక్షలు, 2023 ఏప్రిల్ నుంచి రూ.25 లక్షలయింది. ఒకే ఉద్యోగి ఒకే రోజున తీసుకున్న మూడు చెక్కులకు మూడు కొలబద్దలు. చట్టం రాసినవారికి ఇది ఒక క్రమంగానే తోచి ఉండాలి. పెన్షన్ పేపర్లు పట్టుకుని ఆడిటరు దగ్గర కూర్చున్నవారికి అలా తోచదు.

కమ్యుటేషన్‌లో తేడా ఎక్కడ పడుతుందో లెక్క వేస్తే తేటపడుతుంది. రాష్ట్ర ఉద్యోగుల నిబంధనల ప్రకారం పెన్షన్‌లో 40 శాతం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు. ఆ 40 శాతానికి రూ.12 లక్షలు వచ్చాయనుకుంటే, పూర్తి పెన్షన్ విలువ రూ.30 లక్షలవుతుంది. అందులో మూడోవంతు రూ.10 లక్షలు. కార్పొరేషన్ ఉద్యోగిగా లెక్కిస్తే పన్నెండు లక్షలూ మినహాయింపే. ‘ఇతర యజమాని’ ఉద్యోగిగా, గ్రాట్యుటీ కూడా అందుకున్నవాడిగా లెక్కిస్తే రూ.2 లక్షలు జీతం కింద పన్ను పడే ఆదాయం. ఇక్కడ జరిగే పొరపాటు మూడోవంతును చేతికొచ్చిన పన్నెండు లక్షల మీద లెక్కకట్టడం. అలా చేస్తే మినహాయింపు నాలుగు లక్షలకు పడిపోయి, ఎనిమిది లక్షల మీద పన్ను కట్టాల్సి వస్తుంది. ఇంకో పొరపాటు కమ్యూట్ చేసిన తర్వాత నెలల్లో జరుగుతుంది. పెన్షన్ చీటీలో పూర్తి పెన్షన్, కమ్యుటేషన్ కోత విడివిడిగా ఉంటాయి. రిటర్నులో చూపవలసింది కోత పోగా మిగిలినదే. పదిహేనేళ్ల తర్వాత ఆ కోత ఆగి పూర్తి పెన్షన్ మళ్లీ మొదలైతే, అప్పటినుంచి పెరిగిన మొత్తం మీద పన్ను ఉంటుంది. పెన్షనరు చనిపోయి భార్యకో భర్తకో కుటుంబ పెన్షన్ వస్తే అదే డబ్బు ‘జీతం’ శీర్షిక నుంచి ‘ఇతర ఆదాయం’ శీర్షికకు మారుతుంది. అందులో మూడోవంతు లేదా రూ.15,000, ఏది తక్కువైతే అది తగ్గించుకోవచ్చు. కొత్త పన్ను విధానంలో ఆ పరిమితి రూ.25,000.

1999 ఫిబ్రవరి 1 నుంచి చేరినవారి కథ వేరు. ఈపీఎఫ్ పథకం 1952 నవంబరు నుంచి ఉన్నదే. 1995 నవంబరులో దానికి ఉద్యోగుల పెన్షన్ పథకం తోడైంది. యజమాని వాటా నుంచి జీతంలో 8.33 శాతం అటు మళ్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో 2004 ఆగస్టు 31 వరకు చేరినవారికి జీపీఎఫ్, పాత పెన్షనే వర్తించాయి. సెప్టెంబరు 1 నుంచి చందా ఆధారిత పెన్షన్ పథకం (సీపీఎస్) వచ్చింది. విద్యుత్ సంస్థల్లో మాత్రం అంతకు అయిదేళ్ల ఏడు నెలల ముందే తలుపు మూసుకుంది. ఈ రెండు తేదీల మధ్య చేరినవారిని ఈపీఎఫ్ నుంచి జీపీఎఫ్‌లోకి మార్చాలన్న డిమాండు రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ యూనియన్ల వినతి పత్రాల్లో ఏళ్లుగా ఉంది. పన్ను చూపులో రెండు నిధులూ రెండు వేర్వేరు ఉపవిభాగాలు: 1925 ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం వర్తించే నిధి డబ్బు 10(11) కిందికి, గుర్తింపు పొందిన భవిష్యనిధి డబ్బు 10(12) కిందికి వస్తాయి. రెండో దానికి షరతు ఉంది. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా సొమ్ము తీసేస్తే, ఉద్యోగం పోవడానికి అనారోగ్యం వంటి తన చేతిలో లేని కారణం ఉంటే తప్ప, పన్ను పడుతుంది. ఉద్యోగం మారి ఖాతాను బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది.

ఒక రకం ఖాతా నుంచి మరో రకానికి మారడాన్ని చట్టం నేరుగా పలకరించింది జాతీయ పెన్షన్ పథకం (ఎన్‌పీఎస్) విషయంలో. 2016 ఫైనాన్స్ చట్టం గుర్తింపు పొందిన పీఎఫ్ నిల్వను ఎన్‌పీఎస్‌కు మళ్లించడానికి పన్ను అడ్డు తీసేసింది. 2017 మార్చిలో పెన్షన్ నిధుల నియంత్రణ సంస్థ విధానం ప్రకటించింది. మళ్లించిన మొత్తం ఆ ఏడాది ఆదాయం కాదు, అలాగే ఆ ఏడాది కొత్త చందా కూడా కాదు. కాబట్టి రిటర్నులో దాన్ని ఆదాయంగా చూపనక్కర్లేదు, 80సీసీడీ కింద తగ్గింపు అడగకూడదు. ఈ రెండో సగమే ఎక్కువమంది మరచిపోయేది. పాత ఏళ్లలో 80సీ కింద ఒకసారి తగ్గించుకున్న డబ్బుకే మళ్లీ తగ్గింపు అడిగినట్టవుతుంది.

ఉద్యోగుల పెన్షన్ పథకం మీద 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన అధిక పెన్షన్ తీర్పు ఇంకో రకం మార్పిడిని తెచ్చింది. పథకం జీత పరిమితికి మించిన అసలు జీతం మీద పెన్షన్ కోరుకునే ఉద్యోగులు యజమానితో కలిసి ఉమ్మడి ఆప్షన్ ఇవ్వాలి. గడువు పలుమార్లు పెరిగి 2023 జులై 11న ముగిసింది. ఆప్షన్ ఆమోదం పొందితే పీఎఫ్ నిల్వలోంచి కొంత పెన్షన్ నిధికి వెళ్తుంది. అప్పటికే రిటైరై పీఎఫ్ తీసేసుకున్నవారు వడ్డీతో సహా తిరిగి కట్టాలి. దానికి బదులు వచ్చే పెన్షన్ బకాయిలు చేతికందిన ఏడాది జీతం ఆదాయమే. ఒకే ఏడాదిలో పడి శ్లాబు పెరిగినప్పుడు సెక్షన్ 89 ఉపశమనం ఉంది, కానీ ఫారం 10ఈ దాఖలు చేయాలి. ఆ ఫారం లేకుండా రిటర్నులో ఉపశమనం చూపిస్తే శాఖ దాన్ని ఒప్పుకోదు.

రిటర్ను కాగితాలూ ఈలోగా మారాయి. ఒకప్పుడు జీతగాళ్లకు ఒక పేజీ ‘సరళ్’ ఉండేది; 2007లో ఐటీఆర్ ఫారాల వరస వచ్చింది. ఇప్పటి ఫారాల్లో గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవు నగదులను స్థూల జీతంలో కలిపి చూపి, సెక్షన్ 10 మినహాయింపుల పట్టికలో వేరువేరుగా తగ్గించాలి. పీఎఫ్ తుది మొత్తం మాత్రం జీతంలోకి రాదు. పన్ను లేని ఆదాయం గడిలో వివరం కోసం వేస్తారు. 2021 నవంబరులో వార్షిక సమాచార నివేదిక మొదలైంది. అంతకుముందే, 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి, పీఎఫ్ ఖాతా కూడా లోపల రెండుగా చీలింది: ఏడాదికి ఉద్యోగి చందా రూ.2.5 లక్షలు (యజమాని చందా లేని జీపీఎఫ్ వంటివాటిలో రూ.5 లక్షలు) దాటితే, దాటిన భాగం మీద వడ్డీకి పన్ను ఉంది, అది ఏటా ‘ఇతర ఆదాయం’లో చూపాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం, 2025లో గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవు నగదులు మినహాయింపుల జాబితా వదిలి, జీతం నుంచి చేసే తగ్గింపుల సెక్షన్ 19లోకి వెళ్లాయి. అసెస్‌మెంట్ ఇయర్ పోయి ‘టాక్స్ ఇయర్’ వచ్చింది.