కదిలే పట్టీ ముందు లూసీ: అమెరికన్ హాస్య ధారావాహికలో పనుల మార్పిడి

అమెరికన్ టెలివిజన్‌లో సిట్‌కామ్ అనే హాస్య ధారావాహిక ప్రక్రియకు స్థిరరూపమిచ్చిన వాటిలో 'ఐ లవ్ లూసీ' ముఖ్యమైనది. సి.బి.ఎస్. సంస్థ దీనిని 1951 నుంచి 1957 వరకు ప్రసారం చేసింది. ఇందులో రికీ క్లబ్బులో సంగీత విద్వాంసుడు, లూసీ గృహిణి. ఆమె తానూ వేదిక ఎక్కాలని ఉపాయం పన్నడం, అది బెడిసికొట్టి ఇల్లు చేరడం తరచుగా కనిపించే కథాసూత్రం. అందువల్ల ఈ ధారావాహిక స్త్రీని ఇంటికే కట్టివేసిందన్న వాదం స్త్రీవాద విమర్శలో ఉంది. ముగింపుల వరకు అది నిజమే. అయితే ఇందులో నవ్వు పుట్టే చోటు ముగింపు కాదు.

1952 సెప్టెంబరు 15న ప్రసారమైన 'జాబ్ స్విచింగ్' భాగాన్ని పరిశీలించవచ్చు. సంపాదన కష్టమా, ఇంటిపని కష్టమా అన్న వాదులాటతో రెండు జంటలు పనులు మార్చుకుంటాయి. రికీ, ఫ్రెడ్ వంటింట్లో చేరతారు. బియ్యం కొలత తెలియక రికీ వండిన అన్నం పొంగి పొర్లుతుంది. లూసీ, ఎథెల్ చాక్లెట్ కార్ఖానాకు వెళతారు. కదిలే పట్టీ మీద వచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టాలి. ఒక్కటి తప్పిపోయినా ఉద్యోగం పోతుంది. వేగం పెరిగేకొద్దీ వాళ్లు చుట్టలేనివాటిని నోట్లో, టోపీల్లో, దుస్తుల్లో దాచుకుంటారు. పర్యవేక్షకురాలు వచ్చి, ఒక్కటీ తప్పిపోలేదని మెచ్చుకొని, వేగం ఇంకా పెంచమంటుంది.

చివరికి ఇరుపక్షాలూ ఓటమిని ఒప్పుకుంటాయి. కథ ఈ రెండు ఓటములనూ సమానమంటుంది. దృశ్యం మాత్రం అలా చెప్పదు. మగవాళ్లు ఓడింది తమకు తెలియని పనిలో. స్త్రీలు ఓడింది ఎవరి చేతులూ అందుకోలేని యంత్రవేగం ముందు. (అంతకుముందు చాక్లెట్ ముంచే పనిలో లూసీ విఫలమైన మాట వాస్తవమే, ప్రేక్షకులకు గుర్తుండిపోయినది మాత్రం పట్టీ దృశ్యం.) రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల, ఆయుధాల కర్మాగారాల్లో లక్షలాది అమెరికన్ స్త్రీలు పనిచేశారు. యుద్ధం ముగిశాక వారిలో చాలామంది ఆ పనులు కోల్పోయారు. అది జరిగి అప్పటికి సుమారు ఏడేళ్లే. స్త్రీకి కార్ఖానా పని చేతకాదన్న ముగింపు ఆ అనుభవానికి ఎదురు నిలుస్తుంది. ఇంతా చేసి భర్తలు కృతజ్ఞతగా తెచ్చిన కానుక చాక్లెట్ల పెట్టెలే!

తెర వెనుక కథ వేరు. లూసీ పాత్రధారిణి లూసిల్ బాల్, రికీ పాత్రధారి డెసీ ఆర్నాజ్ నిజజీవితంలోనూ దంపతులే. 1960లో విడాకులు తీసుకున్నారు. 1962లో ఆయన వాటా కొని, ఆమె డెసిలూ స్టూడియో అధ్యక్షురాలైంది. అదే ఏడు మొదలైన 'ది లూసీ షో'లో ఆమె వేసినది వితంతువు పాత్ర. విడాకులు తీసుకున్న స్త్రీ పాత్ర స్నేహితురాలు వివియన్‌కు దక్కింది. 1970లో 'ది మేరీ టైలర్ మూర్ షో' నాయికను విడాకులు పొందిన స్త్రీగా చూపాలని రచయితలు తలపెట్టినా, సి.బి.ఎస్. అంగీకరించలేదు. ఆమె పెళ్లిదాకా వచ్చిన అనుబంధాన్ని తెంచుకున్న స్త్రీగా మారింది.