టెర్రరిస్టులు (స్వీడిష్ నవల)

‘టెర్రరిస్టెర్నా’ (1975) స్వీడిష్ రచయితలు మై షోవాల్, పేర్ వాలో కలిసి రాసిన మార్టిన్ బెక్ నేర పరిశోధన నవలల్లో పదవది, ఆఖరిది. జోన్ టేట్ చేసిన ఆంగ్లానువాదం 1976లో ‘ది టెర్రరిస్ట్స్’ పేరుతో వచ్చింది.

1965లో ‘రోసెయన్నా’తో మొదలైన ఈ వరసను పది పుస్తకాలతో ముగించాలని రచయితలు ముందే అనుకున్నారు. పుస్తకానికి 30 అధ్యాయాలు. రాత్రి పిల్లలు నిద్రపోయాక ఇద్దరూ కూర్చుని చెరో అధ్యాయం రాసేవారు. ఇద్దరూ మార్క్సిస్టులే. సంక్షేమ రాజ్యమని పేరుపడ్డ స్వీడన్‌లో దిక్కులేనివారి గతి ఏమిటో చూపడానికి నేర కథను వాడుకున్నారు. చివరి నవల వచ్చిన ఏడాదే, జూన్ 22న, వాలో కన్నుమూశాడు.

కథలో అమెరికా సెనేటర్ ఒకడు స్టాక్‌హోం వస్తాడు. అతణ్ణి చంపడానికి ఉలాగ్ అనే అంతర్జాతీయ ముఠా కాచుకుని ఉంటుంది. బందోబస్తు బాధ్యత బెక్‌ది. హంతకులు టీవీ చూస్తూ బాంబు పేలుస్తారని పసిగట్టి, ప్రత్యక్ష ప్రసారాన్ని కాస్త ఆలస్యంగా వదిలేలా పోలీసులు ఏర్పాటు చేస్తారు. కాన్వాయ్ దాటిపోయాక బాంబు పేలుతుంది. ఎత్తు పారిందనుకునేలోపు ఎవరి లెక్కలోనూ లేని రెబెకా లిండ్ అనే అమ్మాయి ఏకంగా స్వీడన్ ప్రధానినే కాల్చేస్తుంది.

నవలకు ప్రాణం ఈ రెబెకానే. ఆమె చంటిబిడ్డ తల్లి. బ్యాంకులో డబ్బిస్తారనుకుని అమాయకంగా అడగబోతే, దగ్గరున్న కత్తి చూసి దోపిడీ కేసు పెడతారు. బిడ్డ తండ్రి అమెరికా సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు. శిక్ష ఉండదన్న మాట నమ్మి తిరిగి వెళ్తే జైల్లో వేస్తారు. ఆమె గోడు ఏ ఆఫీసుకూ పట్టదు. దీని ముందు పక్కనే నడిచే సినిమా నిర్మాత హత్య కేసు అతుకులా కనిపిస్తుంది. 1986 ఫిబ్రవరి 28న ప్రధాని ఓలోఫ్ పాల్మేను స్టాక్‌హోం వీధిలో నిజంగానే కాల్చి చంపాక ఈ నవల మళ్లీ చర్చకు వచ్చింది.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కథలు నేరస్థుడు దొరకడంతో ముగిసిపోతాయి. రాజ్యాన్ని బోనెక్కించే పనిని ఇక్కడ ఉద్యమ నవల నెత్తికెత్తుకుంది. రైతాంగ పోరాటాలు సాగిన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటాలు అల్లం రాజయ్య వంటి రచయితల ద్వారా సాహిత్యంలోకి వచ్చాయి.

ఈ నవల ఆధారంగా తీసిన ‘స్టాక్‌హోం మారథాన్’ (1994) చిత్రంలో యోస్టా ఎక్మన్ బెక్‌గా నటించాడు. సినిమా మూలాన్ని చాలావరకు వదిలేసింది.